షెడ్డులో పడి ఉన్న స్పిట్‌ఫైర్



స్టాండర్డ్ హెరాల్డ్ కారు మీలో కొంచెం పెద్ద వయసు వాళ్లకి గుర్తుండే ఉంటుంది. 1960లలో మద్రాసు దగ్గర తయారయ్యేది. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులూ లైట్లూ సహా ముందు భాగమంతా ముందుకి వాలిపోయేది. మెకానిక్ ముందు టైరు మీద చక్కగా కూర్చుని, నడుం వంచకుండా ఇంజన్ పని చేసుకునేవాడు. ఆ కారుకి ఇంగ్లండులో ఒక తమ్ముడున్నాడు. పేరు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇద్దరు మాత్రమే కూర్చునే, గుడ్డ టాపు ఉన్న చిన్న స్పోర్ట్స్ కారు. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న అలాంటి కారుని ఇంటి దగ్గరే బాగుచేసుకుని మళ్లీ రోడ్డెక్కించడం ఎలాగో ఈ రోజు చెప్పుకుందాం. నేను ఉండేది ఇంగ్లండులో, అది పుట్టిన కవెంట్రీకి దగ్గర్లోనే. అందుకని ఇక్కడి సంగతులే చెబుతాను. మన దేశం మాట చివర్లో వస్తుంది.

ముందు కారు కథ కొంచెం. ఇంగ్లండులో హెరాల్డ్ 1959లో వచ్చింది. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. ఆ చాసిస్‌నే పొట్టిగా చేసి, దాని మీదికి ఒక స్పోర్ట్స్ కారు బాడీ కూడా ఆయనే గీశాడు. నమూనా కారు ఒకటి తయారైంది కానీ అప్పటికి దాన్ని తయారుచేసే స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ చేతిలో డబ్బు ఆడటం లేదు. కారు మీద గుడ్డ కప్పి ఫ్యాక్టరీలో ఒక మూల పెట్టేశారు. 1961లో లేలాండ్ సంస్థ స్టాండర్డ్ ట్రయంఫ్‌ని కొనేసింది. లేలాండ్ తరఫున వచ్చిన స్టాన్లీ మార్క్‌లాండ్ ఫ్యాక్టరీ అంతా తిరిగి చూస్తుంటే ఆ గుడ్డ కింది కారు బయటపడింది. తయారీకి ఆయన సరేనన్నాడు. 1962లో లండన్ మోటారు షోలో దాన్ని జనానికి చూపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌ని కాచిన విమానం పేరే కారుకీ పెట్టారు. 1980లో ఆపేసేదాకా 3 లక్షలకి పైగా స్పిట్‌ఫైర్లు తయారయ్యాయి. మొదట్లో ఇంజన్ 1147 సి.సి., 1967 నుంచి 1296, చివరి ఏళ్లలో 1493.

అన్ని లక్షలు అమ్ముడైన కారు షెడ్డుల్లోకి ఎందుకు చేరిందంటే, అది చవక కారు కావడం వల్లనే. కుర్రకారు కొన్నారు. కొన్నాళ్లు సరదా తీర్చుకుని, పెళ్లయి పిల్లలు పుట్టాక వెనక సీటు లేని కారు పనికిరాదని ఇంకొకరికి అమ్మారు. ఆ కొన్నవాడు ఇంకా తక్కువ డబ్బున్నవాడు. చలికాలంలో ఇక్కడి రోడ్ల మీద మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. పైన గుడ్డ టాపు కారుతుంది, కింద ఉప్పునీళ్లు ఎగజిమ్ముతాయి. అలా మధ్యలో ఉన్న రేకు రెండు వైపుల నుంచీ తుప్పు పడుతుంది. చివరి యజమాని వచ్చే వేసవిలో చూద్దాంలే అని షెడ్డులోకి తోసి తలుపు వేస్తాడు. ఆ వేసవి మాత్రం రాదు.

అలాంటి కారు దగ్గరికి వెళ్లినప్పుడు అందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇంజన్ తిరుగుతోందా? నన్నడిగితే అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. ఈ కారు ఇంజన్ చాలా సాదా సరుకు. ఇనుప దిమ్మ, నాలుగు సిలిండర్లు, పక్కనే రెండు కార్బొరేటర్లు. విప్పడానికి మామూలు పానాలు చాలు. విడిభాగాలు అన్నీ దొరుకుతాయి. మరీ పాడైతే ఇంకో ఇంజనే కొనుక్కోవచ్చు. బాడీ సంగతి అలా కాదు. కొనేటప్పుడు మీరు కొంటున్నది బాడీని. దానికి అంటుకుని ఇంజన్ వస్తుంది, అంతే.

ఎందుకలా అంటున్నానో చెప్పాలంటే ఈ కారు నిర్మాణం కొంచెం వివరించాలి. హెరాల్డ్‌లో బరువంతా చాసిస్ మోస్తుంది. మధ్యలో వెన్నెముకలా రెండు దూలాలు, వాటి నుంచి పక్కలకి చేతులు, ఆ చేతుల చివర్లు కలుపుతూ అంచున ఇంకో పట్టా. బాడీని ముక్కలు ముక్కలుగా దాని మీద బోల్టులతో బిగిస్తారు. స్పిట్‌ఫైర్‌కి వచ్చేసరికి బరువు తగ్గించడానికి ఆ అంచు పట్టాలు తీసేశారు. వాటి పని తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే పెట్టెలాంటి రేకు భాగం చేస్తుంది. దాన్ని సిల్ అంటారు. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, రెండింటి మధ్య బలానికి ఇంకో రేకు. పైన గట్టి టాపు లేదు కాబట్టి కారు మధ్యలో వంగిపోకుండా కాపాడేవి ఈ సిల్సే. పైగా వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ కదలనివ్వకుండా పట్టి ఉంచే కడ్డీ ఒకటుంది. దాని ముందు కొస బిగించింది చాసిస్‌కి కాదు, సీటు వెనక బాడీ రేకుకి. అక్కడ తుప్పు తింటే వెనక చక్రం తన దారి తాను చూసుకుంటుంది.

కాబట్టి చూడవలసిన చోట్లు ఇవి. తలుపు మూసి, తలుపుకీ వెనక మడ్‌గార్డుకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందో లేదో చూడండి. పైన తలుపు తాకుతూ, కింద వేలు దూరేంత సందుంటే కారు మధ్యలో కుంగిందన్నమాట. తర్వాత కింద పడుకుని సిల్ అడుగున స్క్రూ డ్రైవరుతో గట్టిగా పొడవండి. అమ్మేవాడికి కోపం వస్తే రానివ్వండి. మంచి రేకు టంగుమంటుంది, పుట్టీ నింపిన రేకు మూగగా ఉంటుంది, తుప్పు తిన్న రేకులోకి స్క్రూ డ్రైవరు దిగిపోతుంది. ఇంజన్ వెనక గోడలో బ్యాటరీ పెట్టే తొట్టి ఉంటుంది. ఏళ్ల తరబడి యాసిడ్ కారి దాని అడుగు పోయి ఉంటుంది. అక్కడి నుంచి నీళ్లు నేరుగా కాళ్ల దగ్గరికి దిగి, కార్పెట్ కింద నిలిచి, నేల రేకుని తినేస్తాయి. కార్పెట్ ఎత్తి చూడనివ్వని కారు కొనకండి.

ఇవన్నీ పోయిన కారుని కూడా బాగుచేయవచ్చు. బయటి రేకులు చాలావరకు కొత్తవి అమ్ముతున్నారు. అయితే పని వరస తప్పకూడదు. చాలామంది మొదటి వారంలోనే ఉత్సాహం ఆపుకోలేక బాడీని చాసిస్ మీది నుంచి ఎత్తేస్తారు. సిల్స్ పోయిన బాడీని ఎత్తితే మధ్యలో ముడుచుకుంటుంది. దాన్ని మళ్లీ ఎన్ని సుత్తి దెబ్బలు కొట్టినా తలుపు పట్టదు. బాడీ చాసిస్ మీద ఉండగానే, కారు సమతలంగా నిలబడి ఉండగానే, తలుపు సందులో పైనా కిందా ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డు చేసి కొలత బిగించేయాలి. ఆ తర్వాత ఒక వైపు సిల్ కోయాలి, అది పూర్తయ్యాకే రెండో వైపు జోలికి వెళ్లాలి.

కోయడం అన్నాను కదా, అది చాలా నెమ్మదైన పని. ఫ్యాక్టరీలో ఈ రేకుల్ని స్పాట్ వెల్డింగుతో అతికించారు. అంగుళానికో అంగుళమున్నరకో ఒక చుక్క. పెయింటు గీకితే ఆ చుక్కలు చిన్న గుంటల్లా కనిపిస్తాయి. ఒక్కొక్క చుక్కనీ డ్రిల్లుతో పై రేకు మేరకే తొలిచి, ఉలి దూర్చి రేకుని విడదీయాలి. డ్రిల్లు కొంచెం లోతుకి దిగిందా, కింది మంచి రేకుకి కన్నం పడుతుంది. పాత సిల్ ఊడి వచ్చినప్పుడు లోపలి నుంచి ఎర్రటి పొట్టు దోసెళ్ల కొద్దీ రాలుతుంది. దాంట్లో ఎండు ఆకులు, ఎలుక గూటి పీచు, ఎవరో ఎప్పుడో కింద పడేసుకున్న స్క్రూ, ఒకసారైతే పాత పెన్నీ బిళ్ల కూడా దొరికాయి. లోపలి రేకు శుభ్రం చేసి, వెల్డింగు తట్టుకునే జింకు ప్రైమరు పూసి, కొత్త రేకుని ముందు క్లాంపులతోనే బిగించాలి. వెల్డు చేయకూడదు. తలుపు తగిలించాలి. మూయాలి, తెరవాలి, సందు చూడాలి. మళ్లీ విప్పి సర్దాలి. మళ్లీ తలుపు తగిలించాలి. ఇలా విసుగొచ్చేదాకా చేసి, తలుపు వేలితో నెడితే మూసుకున్నాకే టార్చి వెలిగించాలి. వెల్డు కూడా ఒకే గీతగా లాగకూడదు, వేడికి రేకు అలల్లా లేస్తుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి చల్లారనివ్వాలి. సిల్ అడుగున నీళ్లు పోయే కన్నాలు కొత్త రేకులో మూసుకుపోకుండా చూసుకోవాలి. అన్నీ అయ్యాక లోపలికి మైనం కలిసిన నూనె కొట్టించాలి. ఇంత శ్రమ పడ్డ చోటు బయటికి కనిపించదు. చూడ్డానికి వచ్చినవాళ్లు పెయింటు బాగుందంటారు.

ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకి తల పెట్టకండి. స్టాండ్లు పెట్టి, కారుని చేత్తో ఊపి చూసి అప్పుడు దూరండి. వెల్డింగు చేసేటప్పుడు పెట్రోలు ట్యాంకు విప్పి షెడ్డు బయట పెట్టాలి. ఈ కారులో ట్యాంకు డిక్కీలోనే, సీట్ల వెనకే ఉంటుంది.

ఇక ఇంజన్. చాలా ఏళ్లు కదలని ఇంజన్ పట్టేసి ఉంటే తాళం తిప్పి సెల్ఫు కొట్టడం, తోసి గేరులో వేయడం మహా పాపం. పిస్టను రింగు విరిగి సిలిండరు గోడ గీసుకుపోతుంది. ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలోనూ తుప్పు వదిలించే పల్చటి నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి. తర్వాత ముందు పుల్లీ బోల్టుకి పానా పెట్టి, అటు కొంచెం ఇటు కొంచెం కదిలించాలి. కదిలిందంటే సగం గెలిచినట్టే. అది కదిలిన రోజు ఇంట్లో పండగే, నాకు మాత్రమే అనుకోండి.

ఈ ఇంజన్‌కి ఒక జబ్బుంది. కొనేవాళ్లు తప్పక పరీక్షించాలి. క్రాంకు ముందుకీ వెనక్కీ జరగకుండా లోపల అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు రెండుంటాయి. క్లచ్ తొక్కిన ప్రతిసారీ భారం వాటి మీద పడుతుంది. అవి అరిగి అరిగి చివరికి జారి ఆయిలు సంపులో పడిపోతాయి. ఆ తర్వాత క్రాంకే దిమ్మని రాసుకుంటుంది, ఇంజన్ దిమ్మ పారేయాల్సి వస్తుంది. పరీక్ష చాలా తేలిక. ఒకరు క్లచ్ తొక్కుతుంటే ఇంకొకరు ముందు పుల్లీని చూడాలి. పుల్లీ కంటికి కనిపించేంతగా ముందుకి జరిగితే బేరం ఆపేయండి, లేదా ఇంజన్ ధర తీసేసి మాట్లాడండి. కొత్త వాషర్లు సంపు విప్పి కింద నుంచే వేయవచ్చు. ఖరీదు స్వల్పం. సమయానికి చేయకపోవడమే అసలు ఖర్చు.

పెట్రోలు గురించి ఒక మాట. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. పాత రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడి చీలతాయి. కారే చోటు సరిగ్గా వేడి సైలెన్సరు గొట్టానికి దగ్గర్లో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొత్తరకం గొట్టాలు వేయడం పెద్ద ఖర్చేం కాదు. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది కాబట్టి పాత బండ్లున్నవాళ్లు అక్కడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం ముందు చక్రం దగ్గర ఉంది. ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు కాలు కింది కొసన మరలుంటాయి. అది ట్రనియన్ అనే కంచు దిమ్మలో స్క్రూలా దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా దాంట్లోనే తిరుగుతుంది. ఎడమ చక్రానికి ఎడమ మర, కుడి చక్రానికి కుడి మర. దీనికి పోయాల్సింది చిక్కటి గేరు ఆయిలు. చాలామంది మెకానిక్‌లు గ్రీజు కొట్టారు. గ్రీజు మరల మధ్యకి పూర్తిగా చేరదు, ఎండి గట్టిపడి దారి మూసేస్తుంది. లోపల నీళ్లు చేరి ఉక్కు తుప్పు పట్టి, ఒక రోజు మలుపులో కాలు విరిగి చక్రం పక్కకి పడుకుంటుంది. కారు ఎంత మెరుస్తున్నా సరే, ఈ రెండూ విప్పి చూడకుండా రోడ్డెక్కించకూడదని నా పట్టుదల. దీన్ని చెడ్డ డిజైన్ అనడం మాత్రం అన్యాయం. లోటస్ సంస్థ తన స్పోర్ట్స్ కార్లలో ఇదే ట్రయంఫ్ కాలు వాడుకుంది. నూనె పోస్తే పనిచేస్తుంది, అంతే.

వెనక వైపు ఒకే ఒక కమాను కట్ట, కారుకి అడ్డంగా, డిఫరెన్షియల్ మీద కూర్చుని ఉంటుంది. పాత మోడళ్లలో మలుపులో హఠాత్తుగా యాక్సిలరేటరు వదిలేస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుని కారు గిరుక్కున తిరిగేది. 1970లో వచ్చిన నాలుగో మోడలు నుంచి కమాను పట్టీల్లో చాలావాటిని బిగించకుండా మధ్యలో ఊగేలా అమర్చి ఈ పీడ వదిలించారు. మీకు దొరికింది అంతకంటే పాతదైతే బాగుచేయండి, నడపండి, కానీ వాన రోజు మలుపుల్లో దాన్ని గౌరవించండి.

వైరింగు గురించి ఇక్కడ జోకులు చాలా ఉన్నాయి, కరెంటు సామాను చేసిన లూకాస్ కంపెనీ చీకటిని కనిపెట్టిందని. నా అనుభవంలో సగం కరెంటు జబ్బులు ఎర్తు దగ్గరే. లైటు వెలగకపోతే లైటుని తిట్టక ముందు దాని ఎర్తు వైరు విప్పి, కొసా రేకూ గరుకు కాగితంతో తళతళలాడేలా రుద్ది బిగించండి.

విడిభాగాల మాటకొస్తే ఒక హెచ్చరిక. ఇప్పుడు కొత్తగా తయారయ్యే రబ్బరు బుష్షులు, స్విచ్చులు, డిస్ట్రిబ్యూటరు ముక్కలు కొన్ని ఏడాది తిరక్కుండానే పోతాయి. పాత అసలు భాగం బాగుచేయగలిగేదైతే బాగుచేసుకోవడమే మేలు. కార్బొరేటర్లని వేడి సబ్బు నీళ్లలో నానబెట్టి, చిన్న బ్రష్షుతో కడిగి, కొత్త సీళ్లు వేస్తే కొత్తవాటిలా పనిచేస్తాయి. కడగడం ఎక్కడ అన్నదే సమస్య, వంటింట్లో ఇలాంటి పనులు సాగవు. బేరింగు దిగడానికి దాని గూడుని వేడి చేయాలని వంటింటి ఓవెన్‌లో పెట్టినప్పుడు మా ఆవిడ, “ఇంకోసారి ఇందులో ఇనుము పెట్టారంటే ఆ కారులోనే వండుకుని తినండి” అంది. చిన్న పాత ఓవెన్ ఒకటి కొని షెడ్డులో పెట్టుకోవడం సంసారానికి మంచిది.

డబ్బు లెక్క మొహమాటం లేకుండా చెప్పాలి. వెల్డింగు, పెయింటు బయట చేయిస్తే అయ్యే ఖర్చు సాధారణంగా బాగైన కారు ధర దాటిపోతుంది. లాభం కోసమైతే ఎవరో బాగుచేసిన కారు కొనుక్కోండి. రేకు పని నేర్చుకోవాలనుకునేవాళ్లకే ఇది. అదీ కారంతా ఒకేసారి విప్పేసి డబ్బాల్లో నింపకుండా, ఒక భాగం పూర్తిచేసి ఇంకో భాగం పట్టేవాళ్లకి. అమ్మకానికి వచ్చే సగం చేసిన కార్లలో ఎక్కువ భాగం డబ్బాల్లో విప్పి పెట్టినవే. ఏ డబ్బాలో ఏముందో విప్పినవాడికే గుర్తుండదు.

బ్రిటన్‌లో చట్టం ఈ పనికి అనుకూలంగానే ఉంది. 40 ఏళ్లు దాటిన కారుకి రోడ్డు పన్ను కట్టనక్కర్లేదు. 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని పాత కార్లకి ఏటా జరిగే తనిఖీ కూడా తప్పనిసరి కాదు. ఇప్పుడు అన్ని స్పిట్‌ఫైర్లూ ఆ వయసు దాటాయి. అయినా నేను మాత్రం ఏటా తనిఖీకి తీసుకెళ్లమనే చెబుతాను. ఇంట్లో వెల్డు చేసిన కారుని మనం కాకుండా ఇంకో జత కళ్లు చూడటం మంచిది.

ఇప్పుడు మన దగ్గరి మాట. మన దేశంలో స్పిట్‌ఫైర్ దొరకడం కష్టం. హెరాల్డ్‌లు మాత్రం పాత ఇళ్ల వెనక రేకుల షెడ్డుల్లో, చింతచెట్ల కింద అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. వాటి చాసిస్‌కి అంచు పట్టాలు ఉంటాయి కాబట్టి సిల్స్ పోయినా కారు నిలబడుతుంది. బాగుచేసేవాడికి అది స్పిట్‌ఫైర్ కంటే సులువు. ముందు చక్రాల ట్రనియన్ పద్ధతి రెండింటికీ ఒకటే, కాబట్టి చాలా భాగాలు ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని కారుని వింటేజ్ బండిగా ప్రత్యేక నంబరుతో రిజిస్టరు చేయించుకోవచ్చు. రోజువారీ తిరుగుడుకీ, కిరాయికీ వాడకూడదు. 1960ల హెరాల్డ్‌లన్నీ ఈ వయసుకి చేరాయి.

కాబట్టి మీ ఇంట్లోనో, మీ తాతగారి ఊళ్లోనో అలాంటి కారుంటే, పాత ఇనుప సామానువాడు బేరానికి వచ్చిన రోజే ఒప్పుకోకండి. ఒకసారి కిందకి వంగి చాసిస్ చూడండి. ముఖ్యంగా దాని ఆర్.సి. పుస్తకం పారేయకండి. ఇంజన్ ఎక్కడైనా దొరుకుతుంది, కాగితాలు దొరకవు.